పేరులోనే ఉంది పేచీ

అందరికీ నమస్కారం.

తెలుగులో ‘పేరు పెట్టడం’ అంటే నామకరణం. ‘పేర్లు పెట్టడం’ అంటే తప్పులెన్నడం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ రెండూ ఒకేసారి జరిగిపోతుంటాయి. ఎవరో ఒక పేరు పెడతారు, సాయంత్రానికల్లా పదిమంది ఆ పేరుకు పేర్లు పెడతారు. బయటివాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుంది. కోడ్ రాసుకోవాల్సినవాళ్ళు మాటల మీద ఇంత కొట్టుకోవడమేంటి, పనిలేకనా అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక తప్పు చేశాక అనుకోవడం మానేశాను. ఆ తప్పు దగ్గరే మొదలుపెడతాను.

నేను ప్రోగ్రామర్‌నే గానీ, నన్ను ఈ లోకంలోకి లాక్కొచ్చింది మాత్రం అనువాదం. ప్రోగ్రాముల్లో మెనూల మీద, హెచ్చరికల్లో కనబడే ఇంగ్లిష్ మాటలను తెలుగులో పెట్టే పని. దానికో ఫైలు ఉంటుంది. పై వరుసలో ఇంగ్లిష్ వాక్యం, కింది వరుసలో రెండు కోట్ గుర్తులు, వాటి మధ్య ఖాళీ. ఆ ఖాళీ నింపుకుంటూ పోవాలి. ‘సేవ్’, ‘క్యాన్సిల్’, ‘అన్‌డూ’... ఇలా నింపుకుంటూ పోతే ఫైలు చివర్లో, ‘ఈ ప్రోగ్రామ్ గురించి’ అనే చోట ఒక పెద్ద వాక్యం వచ్చింది. ఈ ప్రోగ్రామ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, దీన్ని మీరు ఇతరులకు పంచవచ్చు, మార్చుకోవచ్చు అని దాని భావం. నేను ఆలోచించనైనా లేదు. ‘ఈ ప్రోగ్రామ్ ఉచిత సాఫ్ట్‌వేర్’ అని కొట్టి, ఫైలు పంపేసి, భోజనానికి వెళ్ళిపోయాను.

వారం తర్వాత మా బృందంలో నా పని సరిచూసే అక్క ఒకే ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు. ‘దీన్ని ఎంతకైనా అమ్ముకోవచ్చని లైసెన్సులో ఉంది కదా, మరి ఉచితం అని ఎలా రాశావు?’

నాకు నమ్మకం కుదరక లైసెన్సు తెరిచి చూశాను. జీపీఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడో వెర్షన్, 2007లో వచ్చింది. అందులో నిజంగానే ఉంది. మీరు పంచే ఒక్కో కాపీకి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, అసలు పెట్టకపోనూవచ్చు అని. ఇంకాస్త వెనక్కి వెళ్ళి చూస్తే మరో విషయం తెలిసింది. 1985 ప్రాంతంలో రిచర్డ్ స్టాల్‌మన్ తన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీదకు ఎక్కించి పోస్టులో పంపేవారు. ఒక్కో టేపు 150 డాలర్లు. నెట్ అందుబాటులో ఉన్నవాళ్ళు ఊరికే దింపుకోవచ్చు, లేనివాళ్ళు డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. ఉద్యోగం వదిలేసిన మనిషికి అదే ఆదాయం. అంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అనే మాట పుట్టించిన మనిషే దాన్ని అమ్మి బతికారు. నేనేమో పెద్ద నమ్మకంగా ఉచితం అని రాసి పారేశాను.

నాకు కాస్త ఊరట కలిగించిన సంగతి ఇంకోటి ఉంది. స్టాల్‌మన్ 1983 సెప్టెంబర్ 27న గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించారు. 1985లో గ్నూ మ్యానిఫెస్టో వచ్చింది. వాడుకోగలిగిన అందరికీ ఊరికే ఇచ్చేస్తాను అన్న ధోరణిలో అందులో ఒక మాట ఉంది. తర్వాత ఆయనే దానికి అడుగున ఒక వివరణ చేర్చారు. ఇక్కడ మాటలు అజాగ్రత్తగా వాడాను, వాడుకోవడానికి అనుమతి కోసం ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదన్నదే నా ఉద్దేశం అని. పేరు పెట్టినాయనే జారిన చోట నేను జారడం పెద్ద వింతేం కాదు. (నవ్వులు)

ఇక్కడ చిక్కు ఇంగ్లిష్‌ది. ఆ భాషలో ధర లేకపోవడానికీ, సంకెళ్ళు లేకపోవడానికీ ఒకటే మాట. అందుకే వాళ్ళు ఏళ్ళ తరబడి ‘వాక్స్వాతంత్ర్యంలో ఉన్న ఫ్రీ, ఊరికే పోసే బీరులో ఉన్న ఫ్రీ కాదు’ అని చెప్పుకుంటూనే ఉన్నారు. ఒక పేరు చెప్పిన ప్రతిసారీ పక్కన ఒక వివరణ కూడా మోయాల్సి వస్తే ఆ పేరులో ఏదో లోపం ఉన్నట్టే. స్పానిష్, ఫ్రెంచ్ వాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళకు ‘లిబ్రే’ వేరు, ‘గ్రాటిస్’ వేరు. మనకూ లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే సరిపోయేది. ఇంగ్లిష్‌లో లేని తేడా మన దగ్గర ఉండి కూడా, నేను దాన్ని చెరిపేసి ఇంగ్లిష్ గందరగోళాన్ని తెలుగులోకి దిగుమతి చేశాను.

ఒక పక్క మాట చెప్పి వస్తాను. ఈ ‘ఉచితం’ అనే మాట కూడా అమాయకమైంది కాదు. దాని అసలు అర్థం ‘తగినది’. ఔచిత్యం, సముచితం, ఉచితానుచితాలు అన్నీ ఆ కుటుంబమే. పాత కథల్లో రాజుగారు అతిథిని ఉచితాసనం మీద కూర్చోబెట్టారంటే టికెట్ లేకుండా కూర్చోబెట్టారని కాదు కదా. తగిన ఆసనం ఇచ్చారని. తగినది అనే మాట డబ్బు అక్కర్లేనిదిగా మారిపోయింది, మనం గమనించను కూడా లేదు. మాటలు ఇలా జరుగుతాయి. వాటిని ఒక చోట కట్టేయాలని చూసేవాళ్ళ తగువే ఇవాళ్టి నా కథ.

ఆ కట్టేసే ప్రయత్నంలో మొదటిది నిర్వచనం. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 1985లో ఏర్పడింది, మరుసటి ఏడాదే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే ఏంటో రాసి పెట్టారు. ఇప్పుడు అందులో నాలుగు స్వేచ్ఛలు ఉన్నాయి. ఏ పనికైనా నడుపుకోవడం, ఎలా పనిచేస్తోందో చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చిన కాపీలు కూడా పంచడం. వీటి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మూడు దగ్గర ఆగుతుంది. ప్రోగ్రామర్ల చిలిపితనం అనుకుంటాం. కొంత అదీ ఉంది. కానీ అసలు సంగతేంటంటే, నడుపుకునే స్వేచ్ఛను విడిగా చెప్పాల్సిన అవసరం తర్వాత పడింది. అది అన్నిటికన్నా ముందు ఉండాల్సింది. మిగతావాటి నంబర్లు మార్చకుండా ముందు చేర్చాలంటే సున్నా తప్ప చోటు లేదు.

ఇప్పుడు 1998కి వద్దాం. జనవరిలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్‌కు ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను బయటపెడతానని ప్రకటించింది. పెద్ద కంపెనీ ఒకటి ఇటు తిరిగింది, ఇంకా కొన్నిటిని లాగొచ్చని కొందరికి ఉత్సాహం వచ్చింది. కానీ కంపెనీల ముందు ‘ఫ్రీ’ అనగానే అక్కడున్న మేనేజర్ మొహం మారిపోతుంది. ఫ్రీ అంటే డబ్బు రాదు అని ఆయనకు వినబడుతుంది. ఫ్రీడమ్ అని సర్దిచెబితే ఇంకా కంగారు పడతాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో కాలిఫోర్నియాలో కొందరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ మనుషులు కూర్చున్నారు. ఎరిక్ రేమండ్, మైకేల్ టీమన్, లారీ ఆగస్టిన్, జాన్ హాల్ లాంటివాళ్ళు. ఆ గదిలో క్రిస్టీన్ పీటర్సన్ అనే ఆవిడ కూడా ఉన్నారు. ఆవిడ ప్రోగ్రామర్ కాదు, నానో టెక్నాలజీ మీద పనిచేసే ఫోర్‌సైట్ ఇన్‌స్టిట్యూట్ మనిషి. ‘ఓపెన్ సోర్స్’ అన్న మాట ఆవిడ మనసులో అప్పటికే ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఫ్రీ దగ్గరే తట్టుకుని పడిపోతున్నారు, వాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యే మాట కావాలన్నది ఆవిడ ఆలోచన. కానీ ఆ పెద్దల మధ్య తాను బయటి మనిషినని తటపటాయించి నోరు విప్పలేదు. ఆవిడ స్నేహితుడు టాడ్ యాండర్సన్‌కు ఈ సంగతి తెలుసు. ఆయన ఇదిగో కొత్త పేరు అని ప్రకటించకుండా, మాటల మధ్యలో మామూలుగా ఆ మాట వాడేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఇంకొకాయన తనకు తెలియకుండానే అదే మాట వాడాడు. పీటర్సన్, యాండర్సన్ ఒకరినొకరు చూసుకున్నారు. ఇది ఆవిడే తర్వాత రాసిన కథ. ఇరవై ఏళ్ళ తర్వాత, 2018లో, అందరి ముందుకూ వచ్చింది.

నాకు ఈ కథలో నచ్చేది ఆ మాట గదిలోకి వచ్చిన తీరు. ఇది వాడాలి అని హుకుం జారీ చేసి ఉంటే అక్కడే అరగంట గొడవ అయ్యేది. అక్కడున్నవాళ్ళు ఎవరికి వారు తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఆ నెలలోనే ఎరిక్ రేమండ్, బ్రూస్ పెరెన్స్ కలిసి ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ పెట్టారు. పెరెన్స్ అంతకుముందు ఏడాది డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన మార్గదర్శకాలనే కాస్త సవరించి, పది షరతులతో ఓపెన్ సోర్స్ నిర్వచనం చేశారు. ఏప్రిల్‌లో పుస్తక ప్రచురణకర్త టిమ్ ఓరైలీ ఒక సమావేశం పిలిచారు. పేరు మీద ఓటు కూడా పెట్టారు. ‘సోర్స్‌వేర్’ అనే ఇంకో మాట పోటీలో ఉంది. ఓపెన్ సోర్స్ గెలిచింది. తమాషా ఏంటంటే ఆ సమావేశం పేరు ‘ఫ్రీవేర్ సమ్మిట్’. ఫ్రీవేర్ అంటే డబ్బు అడగరు కానీ కోడ్ కూడా చూపించరు. పేరు సరిదిద్దడానికి కూర్చున్న సభ పేరే తప్పు. స్టాల్‌మన్‌కు ఆ సభకు పిలుపు లేదు.

స్టాల్‌మన్ ఈ కొత్త పేరును ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన వాదన పెద్దదే గానీ, మొండితనం కింద కొట్టిపారేయాల్సింది కాదు. ఓపెన్ సోర్స్ అన్నారంటే మీరు సాఫ్ట్‌వేర్ బాగా తయారయ్యే పద్ధతి గురించి మాట్లాడుతున్నారు. తప్పులు త్వరగా దొరుకుతాయి, ఖర్చు తగ్గుతుంది వగైరా. వాడేవాడికి హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న గదిలోంచి వెళ్ళిపోతుంది. రేపు తలుపులు మూసేసిన ప్రోగ్రామ్ ఒకటి ఇంతకన్నా బాగా పనిచేస్తే ఓపెన్ సోర్స్ మనిషి దగ్గర జవాబు ఉండదు. స్వేచ్ఛ కావాలన్నవాడి దగ్గర ఉంటుంది.

లైసెన్సుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం రెండు శిబిరాలూ దాదాపు ఒకే వాటిని ఒప్పుకుంటాయి. అదే కోడ్, అవే హక్కులు. పేరు మారితే మనం అడిగే ప్రశ్న మారుతుంది. ‘ఉచితం’ అంటే జనం ఎంత అని అడుగుతారు. ‘ఓపెన్’ అంటే కోడ్ కనబడుతుందా అని అడుగుతారు. ‘స్వేచ్ఛ’ అంటే నన్నెవరైనా ఆపగలరా అని అడుగుతారు. నేను ఆ ఫైలులో ఉచితం అని రాసినప్పుడు చేసిన తప్పు అదే. అది చదివినవాళ్ళు చివరి ప్రశ్న ఎప్పటికీ అడగకుండా చేశాను. ఒక సంగతి మర్చిపోకూడదు. ఓపెన్ సోర్స్ పెట్టినవాళ్ళలోనే ఒకరైన పెరెన్స్ ఏడాది తిరక్కుండానే, 1999 ఫిబ్రవరిలో, మళ్ళీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చిందని రాసి, తాను పెట్టిన సంస్థ నుంచి బయటకు వచ్చేశారు.

మధ్యేమార్గంగా 2001లో రిషభ్ అయ్యర్ ఘోష్ ఐరోపా కమిషన్ కోసం చేసిన అధ్యయనంలో ‘ఫ్లాస్’ అన్న పొట్టి పేరు వాడారు. ఫ్రీ, లిబ్రే, ఓపెన్ సోర్స్ అన్నీ అందులో ఉన్నాయి. అందరినీ కలిపి కుట్టేసిన పేరు. పళ్ళ మధ్య ఇరుక్కున్నవి తీసే దారానికి కూడా అదే పేరు కాబట్టి మేం చాలాకాలం నవ్వుకున్నాం.

లినక్స్ పేరు గొడవ మీకు తెలిసే ఉంటుంది, త్వరగా చెప్పేస్తాను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, పెట్టుకోవాలనుకున్న పేరు ‘ఫ్రీయాక్స్’. దాన్ని సర్వర్ మీద ఉంచిన ఆరీ లెమ్కేకి ఆ పేరు నచ్చక, అడక్కుండానే ఫోల్డర్‌కు లినక్స్ అని పెట్టేశాడు. ప్రపంచమంతా మోగుతున్న పేరు ఒక సర్వర్ నిర్వాహకుడి అభిరుచి. ఆ కెర్నల్ ఒక్కటే ఉంటే కంప్యూటర్ పనిచేయదు. దానిచుట్టూ గ్నూ వాళ్ళ కంపైలర్, షెల్, లైబ్రరీలు లాంటి పరికరాలు ఉన్నాయి కాబట్టి మొత్తాన్ని గ్నూ/లినక్స్ అనాలని స్టాల్‌మన్ పట్టు. 1996లో ఒకసారి ‘లిగ్నక్స్’ అని కూడా ప్రయత్నించారు. ఎవరి నోరూ తిరగలేదో, తిప్పలేదో గానీ అది అక్కడే ఆగిపోయింది.

డెబియన్ మాత్రం 1994 నుంచే గ్నూ/లినక్స్ అని రాసుకుంది. వాళ్ళకు అది ఉపయోగపడింది కూడా. తర్వాత వాళ్ళు అవే గ్నూ పరికరాలను ఫ్రీబీఎస్‌డీ అనే వేరే కెర్నల్ మీద కూడా నడిపారు. అప్పుడు ఆ గీతకు ఒక పక్క గ్నూ ఉండటం, రెండో పక్క మారడం నిజంగా ఒక సమాచారం. నా ఉద్దేశం అడిగితే, ఆ పేరు మర్యాద కోసం కన్నా కచ్చితత్వం కోసం వాడితేనే బాగుంటుంది. ఆండ్రాయిడ్‌లో లినక్స్ కెర్నల్ ఉంది, గ్నూ లైబ్రరీ లేదు. ఆల్పైన్ లినక్స్‌లో గ్నూ సీ లైబ్రరీ బదులు మజిల్, షెల్ పరికరాల బదులు బిజీబాక్స్ ఉంటాయి. వాటిని గ్నూ/లినక్స్ అంటే అబద్ధం అవుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఉంటే అనండి, తప్పేం లేదు. అనకపోతే కృతఘ్నుడని నేనైతే అనను.

(సభలోంచి ప్రశ్న: లైసెన్సు అంటూ ఒకటి రాసి ఉన్నప్పుడు పేరు ఏదైతే ఏం? కోర్టులో చెల్లేది లైసెన్సే కదా?)

మంచి ప్రశ్న. నేను ఇంకాసేపటికి రావాలనుకున్న చోటికి మీరు ముందే తీసుకెళ్ళారు. లైసెన్సు కోడ్ గురించి మాట్లాడుతుంది. పేరు మీద హక్కు వేరే చట్టం. అది ట్రేడ్‌మార్క్. ఈ రెండూ ఢీకొన్న కథ ఫైర్‌ఫాక్స్‌ది. ఆ బ్రౌజర్‌కు 2002లో ఫీనిక్స్ అని పేరు. ఆ పేరు వేరేవాళ్ళకు ఉందని ఫైర్‌బర్డ్ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉంది, వాళ్ళు గొడవ చేశారు. 2004లో ఫైర్‌ఫాక్స్ అయింది. ఇక అప్పుడు డెబియన్ వంతు. ఫైర్‌ఫాక్స్ బొమ్మకు స్వేచ్ఛా లైసెన్సు లేదని డెబియన్ ఆ బొమ్మ తీసేసింది. ఆ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా ఏమందంటే, మా పేరు వాడితే మా బొమ్మ కూడా ఉండాలి, మీరు చేసే మార్పులు మాకు చూపించాలి అంది. కోడ్ మార్చుకునే హక్కు డెబియన్‌కు ఉంది. పేరు వాడుకునే హక్కు లేదు. దాంతో 2006లో డెబియన్ అదే బ్రౌజర్‌కు ‘ఐస్‌వీజిల్’ అని పేరు పెట్టింది. నిప్పుకు బదులు మంచు, నక్కకు బదులు ముంగిసలాంటి ఒక జంతువు. వెక్కిరింపే. పదేళ్ళు అలాగే నడిచింది. 2016లో రాజీ కుదిరి ఫైర్‌ఫాక్స్ తిరిగొచ్చింది. ఆ పదేళ్ళూ, డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ లేదంట కదా అని అడిగినవాళ్ళకు, ఉంది కానీ పేరు వేరు అని చెప్పీ చెప్పీ మాకు నోరు నొప్పెట్టింది.

అందుకే కోడ్‌ను చీల్చుకుని బయటకు వెళ్ళేవాళ్ళు మొదట వెతుక్కునేది పేరు. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి వెళ్ళినవాళ్ళకు లిబ్రేఆఫీస్, మైసీక్వెల్ డేటాబేస్ నుంచి 2009లో వెళ్ళినవాళ్ళకు మరియాడీబీ. మై, మరియా ఇద్దరూ ఆ రెండు డేటాబేస్‌లనూ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన మాంటీ వైడీనియస్ కూతుళ్ళు. కోడ్ ఎత్తుకెళ్ళొచ్చు గానీ పెద్దమ్మాయి పేరు ఎత్తుకెళ్ళడానికి వీల్లేకపోయింది. (నవ్వులు)

మీ ప్రశ్నకు రెండో సగం ఉంది. ‘ఓపెన్ సోర్స్’ అనే మాటను కూడా ట్రేడ్‌మార్క్ చేయించాలని మొదట్లో చూశారు. కుదరలేదు. అది మరీ వర్ణనాత్మకంగా ఉంది, నమోదు కాదని 1999లో తేలిపోయింది. అంటే ఆ మాటకు కాపలాదారు ఉన్నాడు, చేతిలో కర్ర లేదు. ఎవరైనా తమ సరుకును ఓపెన్ అనొచ్చు, ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ‘ఇది కాదు’ అని ప్రకటన ఇవ్వడం తప్ప ఏమీ చేయలేదు. దీని ఫలితం చివర్లో చెబుతాను.

అంతకుముందు నాకు చాలా దగ్గరగా తగిలిన ఇంకో తగువు ఉంది. మాస్టర్, స్లేవ్.

డేటాబేస్‌లు, హార్డ్ డిస్కులు, ఎక్కడ చూసినా ఈ జంట ఉండేది. ఒకటి చెబుతుంది, ఇంకోటి చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఏళ్ళ తరబడి చూసీ చూసీ నా కళ్ళకు ఆ మాటలు కనబడటం మానేశాయి. ఒకరోజు అనువాదం ఫైలులో ఒక హెచ్చరిక వచ్చింది. స్లేవ్ స్పందించడం లేదు, మళ్ళీ మొదలుపెట్టాలా అని. కింది వరుసలో నా చెయ్యి అలవాటుగా కొట్టింది. ‘బానిస స్పందించడం లేదు.’ కొట్టి, స్క్రీన్ వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒక ఆఫీసులో కూర్చుని ఉన్న మనిషి ముందు ఈ వాక్యం తెరుచుకుంటే? వెంటనే చెరిపేసి ‘అనుబంధ సర్వర్’ అని రాశాను. తర్వాత పాత ఫైళ్ళు తిరగేస్తే, నాకన్నా ముందు పనిచేసినవాళ్ళు కూడా ఎవరూ బానిస అని రాయలేదు. ఎవరికి వారే ఏదో ఒక మాట పెట్టి పక్కకు తప్పుకున్నారు. దాని మీద చర్చ జరగలేదు, తీర్మానం జరగలేదు. తెలుగులో పెట్టేసరికి ఆ మాట తన అర్థాన్ని మళ్ళీ మోసుకొచ్చింది, అంతే.

అందుకే ఇంగ్లిష్ లోకంలో ఈ మార్పులు మొదలైనప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. 2014లో వెబ్‌సైట్లు కట్టే జాంగో మార్చింది. 2018లో పైథాన్ భాష తన పత్రాల్లో చాలాచోట్ల తీసేసింది. అదే ఏడాది రెడిస్ డేటాబేస్ ‘రెప్లికా’ అనే మాటకు మారింది. కానీ పాత ఆజ్ఞ కూడా పనిచేసేలా ఉంచింది, లేకపోతే ఉన్న ప్రోగ్రాములన్నీ విరిగిపోతాయి. 2020లో లినక్స్ కెర్నల్ వాళ్ళు కొత్తగా రాసే కోడ్‌కు మార్గదర్శకాలు పెట్టుకున్నారు. ఆ జులైలో వచ్చిన గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే పరికరం) 2.28లో మొదటి బ్రాంచికి, అంటే కోడ్ శాఖకు, ‘మాస్టర్’ బదులు ఏ పేరైనా పెట్టుకునే సెట్టింగ్ వచ్చింది. అక్టోబర్ నుంచి, గిట్ ప్రాజెక్టులను ఉంచే గిట్‌హబ్ సైటు కొత్త ప్రాజెక్టులకు ‘మెయిన్’ అని పెట్టడం మొదలుపెట్టింది. గొడవలు మామూలుగా జరగలేదు. గిట్‌లోని మాస్టర్‌కు జతగా స్లేవ్ ఏదీ లేదు కదా, అది మూలప్రతి అన్న అర్థంలోని మాస్టర్ కదా అని కొందరు. ఉన్నా లేకున్నా పోయేదేముంది, నాలుగు అక్షరాలేగా అని కొందరు.

మా చిన్న ప్రాజెక్టులో ఒక మధ్యాహ్నం మార్చేశాం. పది నిమిషాల పని. తర్వాత రెండు రోజులు అంతా ప్రశాంతంగా ఉంది. పరీక్షలు ఒక్కటీ తప్పడం లేదని సంబరపడ్డాం. మూడో రోజు ఎవరికో అనుమానం వచ్చి చూస్తే, పరీక్షలు నడిపే స్క్రిప్టు ఇంకా మాస్టర్ బ్రాంచి వైపే చూస్తూ కూర్చుంది. అక్కడికి కొత్త కోడ్ రావడం లేదు కాబట్టి అది ఏమీ నడపలేదు. నడవని పరీక్ష ఎలా తప్పుతుంది? పేరు మార్చడానికి వ్యతిరేకంగా నేను చెప్పగలిగిన బలమైన వాదన ఇదొక్కటే, ఇది కూడా పెద్ద బలమైందేం కాదు. నాకు మాత్రం కొత్త పేర్లలో కొన్ని పాతవాటికన్నా సుఖంగా ఉన్నాయి. బ్లాక్‌లిస్ట్ కన్నా ‘డినైలిస్ట్’ అంటే ఏం చేస్తుందో ఆ మాటే చెబుతుంది. తెలుగులో ఎలాగూ ‘నిరోధిత జాబితా’ అనే రాసేవాళ్ళం.

అలాగని అన్ని మాటలనూ తెలుగు అద్దంలో చూడమంటే కష్టం. యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తున్న ప్రోగ్రాములకు పిల్ల ప్రాసెస్‌లు ఉంటాయి, తల్లి పోతే అవి అనాథలవుతాయి, కొన్ని జాంబీలవుతాయి, ప్రాసెస్‌ను ఆపడాన్ని ‘కిల్’ అంటారు. ఇది యథాతథంగా అనువదిస్తే పోలీసులు వస్తారు. (నవ్వులు) మేం ‘ప్రాసెస్‌ను ఆపు’ అని రాస్తాం.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. కాపలాదారుడి చేతిలో కర్ర లేదన్నాను కదా. 2018 అక్టోబర్‌లో మాంగోడీబీ అనే డేటాబేస్ సంస్థ తన లైసెన్సు మార్చింది. ఎస్‌ఎస్‌పీఎల్ అని కొత్తది. ఆ డేటాబేస్‌ను ఇంటర్నెట్‌లో సేవగా అమ్మేవాళ్ళు తమ చుట్టూ ఉన్న సరంజామా కోడ్ అంతా బయటపెట్టాలన్నది షరతు. మా కష్టం మీద పెద్ద క్లౌడ్ కంపెనీలు సంపాదిస్తున్నాయన్నది వాళ్ళ బాధ, అందులో అబద్ధం లేదు. ఆ లైసెన్సును ఓపెన్ సోర్స్ లైసెన్సుగా ఒప్పుకోమని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్‌ను అడిగారు. వ్యవహారం తేలేలా లేదని 2019లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. 2021లో ఎలాస్టిక్, 2023లో హ్యాషీకార్ప్, 2024లో రెడిస్ సంస్థలు తమ తమ పద్ధతుల్లో ఇదే దారి పట్టాయి. ప్రతిసారీ ఒక చీలిక, ఒక కొత్త పేరు. ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ. తర్వాత ఎలాస్టిక్, రెడిస్ రెండూ జీపీఎల్ కుటుంబంలోని ఏజీపీఎల్ లైసెన్సును కూడా చేర్చి ఓపెన్ సోర్స్‌కు తిరిగొచ్చాయి. లైసెన్సు బిగించడం వాళ్ళ ఇష్టం. బిగించాక కూడా బోర్డు మీద ‘ఓపెన్’ అలాగే వేలాడితేనే నాకు కడుపు మండుతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

షరతు మంచిదైతే ఒప్పుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. జేసన్ అనే డేటా రూపం కోసం డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ఒక లైసెన్సు రాశారు. ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు అని ఒక్క వాక్యం చేర్చారు. డెబియన్ వాళ్ళు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ళు అది స్వేచ్ఛా లైసెన్సు కాదన్నారు. మంచేదో చెడేదో తేల్చేది ఎవరు? ఏ పనికైనా అన్న ఆ సున్నా నంబరు స్వేచ్ఛ అక్కడ విరిగిపోతుంది. ఈ విషయంలో నేను వాళ్ళ పక్షమే, కాస్త మనసు చివుక్కుమన్నా సరే.

ఇక ఇప్పటి గొడవ ఏఐది. 2023 జులైలో మెటా సంస్థ లామా 2 మోడల్‌ను ఓపెన్ సోర్స్ అంటూ విడుదల చేసింది. లైసెన్సులో చూస్తే, నెలకు 70 కోట్ల మందికి మించి వాడుకరులున్న సంస్థలు విడిగా అనుమతి తీసుకోవాలని ఉంది. అది ఓపెన్ సోర్స్ కాదని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ చెప్పింది. చెప్పింది, అంతే. 2024 అక్టోబర్ 28న ఆ సంస్థ ఓపెన్ సోర్స్ ఏఐకి తన నిర్వచనం మొదటి వెర్షన్ విడుదల చేసింది. అందులో శిక్షణలో మోడల్ నేర్చుకున్న అంకెలు (వెయిట్స్) ఇవ్వాలి, కోడ్ ఇవ్వాలి, శిక్షణకు వాడిన డేటా గురించి తగినంత వివరం ఇవ్వాలి. డేటాను మొత్తంగా ఇవ్వడం తప్పనిసరి కాదు. అక్కడ మళ్ళీ మంట. డేటా లేకుండా దాన్ని మొదటినుంచి తయారుచేయలేం, మరి సోర్స్ ఇచ్చినట్టు ఎలా అవుతుందని ఒక వాదన. ఆ డేటాలో ఇతరుల రాతలు, వ్యక్తిగత వివరాలు ఉంటాయి, చట్టప్రకారం పంచలేనిది కూడా ఉంటుంది, అది కావాలని పట్టుబడితే ఈ పేరుకు తగిన మోడల్ ఒక్కటీ మిగలదని ఇంకో వాదన. నేను మొదటివాళ్ళ వైపు మొగ్గుతాను. మిగలకపోతే మిగలకపోనివ్వండి, ఖాళీగా ఉన్న పేరు అబద్ధమైన పేరు కన్నా నయం. కానీ రెండోవాళ్ళు చెప్పేది విన్నప్పుడల్లా కాసేపు సందేహంలో పడతాను, అది కూడా మీకు చెప్పాలి.

అంకెలు మాత్రమే ఇచ్చేవాటికి ‘ఓపెన్ వెయిట్స్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే పేరు, నాకు నచ్చింది. ఆ మధ్య ఇలాంటి మోడళ్ళను సొంత కంప్యూటర్‌లో నడిపే ఒక ప్రోగ్రామ్ ఫైలు అనువాదానికి వచ్చింది. అందులో ఆ మాట ఉంది. ‘తెరిచిన బరువులు’ అని ఒకరు రాశారు. వ్యాయామశాల గుర్తొస్తోందని ఇంకొకరు కొట్టేశారు. ‘బహిరంగ భారాలు’ అన్నారు, ‘వెల్లడి అంకెలు’ అన్నారు, ‘ఓపెన్ వెయిట్స్’ అనే తెలుగు లిపిలో రాసేద్దాం అన్నారు. ఇందాక చెప్పిన అక్క మళ్ళీ ఒకే ప్రశ్న వేశారు. ‘ఇది చదివినవాళ్ళు డేటా సంగతి అడుగుతారా, అడగరా?’

మా ఫైళ్ళలో తేలని వరుసకు ‘ఫజీ’ అని ఒక గుర్తు పెడతాం. ఆ గుర్తు ఉన్నంతకాలం ప్రోగ్రామ్ ఆ అనువాదాన్ని వాడదు, ఇంగ్లిష్ మాటనే చూపిస్తుంది. నిన్న రాత్రి కూడా తెరిచి చూశాను. నాలుగు సూచనలు ఉన్నాయి, ఫజీ గుర్తు అలాగే ఉంది. మీలో ఎవరికైనా అయిదోది తడితే, టీ విరామంలో నన్ను పట్టుకోండి.